దారి చెప్పే పటం

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరారు. ఏ మజిలీలో ఏ వసతి ఉన్నది, ఏ దారి రాతిగొట్టు, ఏ వాగు దాటడం కష్టం వంటి వివరాలను తమ ‘కాశీయాత్ర చరిత్ర’లో పొందుపరిచారు. ముందు నడిచినవారి అనుభవం వెనుక వచ్చేవారికి దారిదీపమైంది.

నేడు ఆ పనిని చరవాణిలోని పటం చేస్తున్నది. అందులో ఆకుపచ్చ రంగు సాఫీ ప్రయాణానికి, ఎరుపు రద్దీకి గుర్తు. ఆ రంగులకు ప్రధానాధారం ప్రయాణికుల ఫోన్ల కదలికలే. కాలాన్నీ ఇంధనాన్నీ ఆదా చేసే ఈ సాధనాన్ని ఆక్షేపించడం అవివేకం.

అయితే పటం గమనించేది ఫోన్ల వేగాన్నే గాని నేలను కాదు. బెర్లిన్ నగరంలో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసి, రద్దీ లేని వీధిలో లాగుకుంటూ నడిచాడు. పటంలో ఆ వీధి ఎర్రబడింది! 2020లో అతడు ఈ ప్రయోగాన్ని వెల్లడించాడు.

ఖాళీ దారి రద్దీగా తోచినట్లే, అపాయకరమైన దారి క్షేమంగా తోచవచ్చు. వానాకాలంలో వాగు పొంగి వంతెన మునిగితే అటు వాహనాలే సాగవు. ఎవరైనా తెలియజేసేదాకా పటం హెచ్చరించకపోవచ్చు. అటువంటి వేళ గట్టున నిలిచి వారించే ఊరివారి మాటే ప్రమాణం. దారి మూసుకుపోయిందని పటంలో నమోదు చేయడం మన ధర్మం. వీరాస్వామయ్య చేసినదీ అదే. పటం తన పొరపాటును మరుక్షణం దిద్దుకోగలదు. ప్రవాహంలో అడుగిడినవారికి ఆ అవకాశం ఉండదు.