రాత్రి ప్రయాణానికి మూడు నెలల ముందు



దూరదేశంలో చదువుకొంటున్న పిల్లలు మనకు బొత్తిగా పరిచయం లేని పనికి అనుమతి అడిగినప్పుడు ఏమని బదులు చెప్పాలి? ఈ శీర్షికకు ఉత్తరాలు వ్రాసే తల్లిదండ్రులలో పలువురు అడిగే ప్రశ్న ఇది. ‘వద్దు’ అనటం సులభం. ‘నీ ఇష్టం’ అనటం మరింత సులభం. ఈ రెండూ కాని మార్గం ఒకటి ఉన్నదని గుంటూరులోని మా చెల్లెలి ఇంట జరిగిన ఒక సంగతి వలన నాకు తెలిసింది. దానిని ఈ నెల మీతో పంచుకొంటాను.

మా మేనల్లుడు తూర్పు లండన్‌లో చదువుతున్నాడు. కళాశాలకు సైకిలు మీదనే వెళ్లివస్తాడు. ఏప్రిల్ నెలలో ఒకనాడు తల్లికి ఫోను చేసి, “అమ్మీ! జూలైలో స్నేహితులతో కలిసి రాత్రంతా సైకిలు తొక్కి సముద్రతీరానికి వెళ్లాలని ఉంది. నీవు సరేనంటేనే వెళతాను” అన్నాడు.

వాడు చెప్పినది ‘డనిచ్ డైనమో’ అనే యాత్ర గురించి. 1990ల ఆరంభం నుండి ఇది సాగుతున్నది. జూలైలో పౌర్ణమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంకాలం హాక్నీ ప్రాంతంలోని లండన్ ఫీల్డ్స్ అనే ఉద్యానవనం వద్ద సైకిలు ప్రియులు గుమిగూడతారు. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో జట్లు జట్లుగా బయలుదేరి ఎపింగ్ అడవిని దాటి, ఎసెక్స్, సఫోక్ జిల్లాల పల్లె బాటల మీదుగా తెల్లవారిన తరువాత డనిచ్ అనే గ్రామం చేరుకొంటారు. దూరం సుమారు 180 కిలోమీటర్లు. ప్రవేశ రుసుము లేదు, గెలుపు ఓటములు లేవు. దారిలో ఆగిపోయినవారిని ఎక్కించుకొనే బండి కూడా లేదు. కొన్ని మలుపుల వద్ద గాజు సీసాలలో చిన్న కొవ్వొత్తులు వెలిగించి దారి చూపటం అక్కడి ఆనవాయితీ. వారు చేరే డనిచ్ ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1286లో వచ్చిన తుఫానుతో మొదలుపెట్టి సముద్రం దానిని క్రమక్రమంగా కోసివేసింది. చర్చీలతో సహా ఆ పట్టణంలో అధిక భాగం నీటిపాలై నేడు ఒక చిన్న పల్లె మాత్రమే మిగిలింది.

మా చెల్లెలు వెంటనే ‘వద్దు’ అన్నది. ఆమె భయం నిరాధారమైనది కాదు. ఇరవై ఏళ్ల క్రితం మా బావగారు బాపట్ల దారిలో రాత్రివేళ సైకిలు మీద ఇంటికి వస్తుండగా చైను ఊడింది. రోడ్డు అంచున ఆగి దానిని ఎక్కించుకొంటున్నారు. ఆ సైకిలుకు డైనమో దీపం ఉండేది. చక్రం తిరిగినంతసేపే అది వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. వెనుకనున్న ఎర్ర బిళ్ల బురద కప్పి ఉంది. వెనుక నుండి వచ్చిన వాహనం ఆయనను చూడలేదు. ప్రాణం దక్కింది గాని ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నారు. ఆ కాలు నేటికీ ఈడ్చి నడుస్తారు. ఆ ఎనిమిది నెలలూ కుట్టుమిషను మీద ఇల్లు నడిపినది మా చెల్లెలే.

ఫోను సంభాషణ అంతా బావగారు మౌనంగా విన్నారు. చివరన కుమారుని ఒక్కటే అడిగారు: “బేటా! వెనుక దీపం ఎన్ని గంటలు వెలుగుతుంది?”

వాడి వద్ద సమాధానం లేదు. “తెలుసుకొని చెబుతాను అబ్బా” అన్నాడు. మా చెల్లెలు తన మాట వెనక్కు తీసుకోలేదు. అయితే, “మీ అబ్బా అడిగిన వాటికన్నిటికీ సమాధానాలు తెచ్చిన రోజున మళ్లీ అడుగు” అన్నది. అక్కడి నుండి మూడు నెలల సన్నాహం మొదలయింది.

శరీరానికి అలవాటు

రోజుకు పది కిలోమీటర్లు తొక్కేవాడు ఒక్క రాత్రిలో 180 తొక్కలేడు. ప్రతి ఆదివారం దూరాన్ని కొంత కొంతగా పెంచుకొంటూ పోవాలి. వాడు 30తో మొదలుపెట్టి 50, 70, 100 కిలోమీటర్ల వరకు వెళ్లాడు. మూడు వారాలు పెంచి, నాలుగవ వారం తగ్గించి శరీరానికి విశ్రాంతి ఇచ్చాడు. చివరి వారంలో పెద్ద దూరాలు మానివేశాడు. సీటు ఎత్తు సరిగా లేకపోతే మోకాలు నొప్పి వస్తుందని నలభయ్యవ కిలోమీటరు వద్ద అర్థమయింది. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేటట్లు సీటును సరిచేసుకొన్నాడు. మెత్త కుట్టిన లోదుస్తు, చేతి తొడుగులు మొదట ఆడంబరం అనిపించాయట. వంద కిలోమీటర్లు తొక్కిన తరువాత వాటి అవసరం తెలిసింది.

దీపాలు

బ్రిటన్ చట్టం ప్రకారం రాత్రివేళ సైకిలుకు ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం వెలుగుతూ ఉండాలి. వెనుక ఎర్ర ప్రతిఫలకం కూడా ఉండాలి. పల్లె బాటలలో వీధి దీపాలు ఉండవు. అందువలన మనలను ఇతరులు చూడటానికి ఒక వెలుగు, గుంతలు మనకు కనిపించటానికి అంతకంటే గట్టి వెలుగు కావాలి.

మే నెలలో వాడు ఎపింగ్ వైపు ఒక రాత్రి ప్రయోగంగా వెళ్లాడు. ముందు దీపాన్ని పూర్తి కాంతిలో పెట్టటం వలన రెండు గంటలకే అది ఆరిపోయింది. అడవి దారిలో స్నేహితుని వెలుగును పట్టుకొని నెమ్మదిగా బయటపడ్డాడు. ఈ సంగతి తండ్రికి మాత్రమే చెప్పి, “అమ్మీకి చెప్పవద్దు అబ్బా, ఇక ఒప్పుకోదు” అని వేడుకొన్నాడు. బావగారు కోప్పడలేదు. “నేను చెప్పను. నీవే చెప్పాలి. దాచి తీసుకొన్న అనుమతి అనుమతి కాదు” అన్నారు.

రెండు రోజులు తటపటాయించి వాడు తల్లికి చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఇప్పుడేమి చేస్తావు?” అని అడిగింది. మధ్యస్థ కాంతిలో దీపం ఎన్ని గంటలు నిలుస్తుందో గదిలో వెలిగించి గడియారం పెట్టి చూస్తానని, అదనంగా మరొక దీపం, బ్యాటరీ పెట్టె తీసుకువెళతానని, వెనుక రెండు ఎర్ర దీపాలు వేర్వేరుగా బిగిస్తానని వాడు వివరించాడు. అన్నట్లే చేసి, వెనుక దీపం తొమ్మిది గంటలు దాటి వెలిగిందని తండ్రికి తెలియజేశాడు. ఆ రోజున మా చెల్లెలు సరేనన్నది. “దీపం ఆరిపోయిందని వాడు చెప్పకపోయి ఉంటే నేను ఏనాటికీ ఒప్పుకొనేదాన్ని కాదు భాయ్! ఆపద వస్తే కూడా దాచడని ఇప్పుడు నమ్మకం కలిగింది” అని నాతో అన్నది.

సంచిలోని సామాను

రెండు కొత్త ట్యూబులు, టైరు విప్పే పట్టీలు, గాలి పంపు, పంక్చరు అతికే సామగ్రి, మరలు బిగించే చిన్న పనిముట్టు. ఇవి సంచిలో ఉంటే చాలదు, చేతికి పని తెలియాలి. వాడు గదిలో దీపం ఆర్పి, నుదుటి దీపం వెలుగులో ట్యూబు మార్చటం సాధన చేశాడు. మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది, ఐదవసారి పన్నెండు. కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో తడిమి, గుచ్చుకొన్న ముల్లో గాజుముక్కో తీసివేయకపోతే అదే చోట మళ్లీ పంక్చరు అవుతుంది. యాత్రకు వారం ముందు బ్రేకు రబ్బర్లు మార్పించాడు, చైను శుభ్రం చేసి నూనె వేశాడు. చివరి రోజున కొత్త భాగమేదీ బిగించరాదన్నది అనుభవజ్ఞుల సలహా.

జూలై అయినా తెల్లవారుజామున అక్కడ చలి వేస్తుంది. చెమట పట్టిన ఒళ్లు ఆగిన ఐదు నిమిషాలకే వణుకుతుంది. కనుక గాలిని ఆపే పలుచని కోటు ఒకటి ఉండవలసిందే.

తిండి, నిద్ర

ఆకలి వేసిన తరువాత తినటం ఆలస్యమే అవుతుంది. ఇటువంటి సుదీర్ఘ శ్రమలో గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థం అందుతూ ఉండాలని సాధారణంగా చెబుతారు. ఖర్జూరాలు, అరటిపండ్లు, జామ్ పూసిన రొట్టెలు వాడు ఎంచుకొన్నాడు. కడుపుకు అలవాటు లేనిదేదీ ఆ రాత్రి ముట్టలేదు. దారిలో కొన్ని గ్రామాలవారు టీ, ఆహారం అమ్ముతారు గాని వరుసలు పొడవుగా ఉంటాయి. వాటినే నమ్ముకోరాదు.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలైనా నిద్రపోవాలి. అన్నిటికంటే కష్టమైన సమయం రాత్రి మూడు, నాలుగు గంటల మధ్య. కళ్లు మూతలు పడుతుంటే పట్టుదలకు పోక, రోడ్డుకు దూరంగా ఆగి పావుగంట కునుకు తీయాలి.

అక్కడ వేసవి రాత్రి చాలా చిన్నది. సూర్యాస్తమయం తొమ్మిది దాటిన తరువాత, సూర్యోదయం ఐదు గంటలకు కొంచెం ముందు. మగ్రిబ్, ఇషా, ఫజ్ర్ మూడూ ప్రయాణంలోనే వస్తాయి. తమ మసీదు ప్రకటించిన వేళల పట్టికను కాగితం మీద వ్రాసుకొని, ఆగే చోట్లను దానికి అనుగుణంగా ముందే నిర్ణయించుకొన్నారు. వుజూ కోసం ఒక నీటి సీసా వేరుగా పెట్టుకొన్నారు.

తోడు

నలుగురు కలిసి వెళ్లారు. నలుగురిలో నెమ్మదిగా తొక్కేవాని వేగమే జట్టు వేగమని ముందే ఒప్పందం చేసుకొన్నారు. ఎవరి సైకిలు ఆగినా అందరూ ఆగాలి. గుంత కనిపిస్తే ముందున్నవాడు కేక వేసి చెప్పాలి. ముందువాని వెనుక చక్రానికి పక్కగా తమ ముందు చక్రాన్ని చేర్చరాదు, అతడు కొంచెం పక్కకు జరిగినా ఇద్దరూ పడతారు. ముందు కనిపించే ఎర్ర దీపాలను గుడ్డిగా అనుసరించరాదు, ఆ ముందువాడు కూడా దారి తప్పి ఉండవచ్చు. దారి వివరాలు ఫోనులోనే కాక కాగితం మీద కూడా ఉండాలి.

తిరుగు ప్రయాణం గురించి ముందే ఆలోచించనివారు తీరంలో చిక్కుకొంటారు. డనిచ్‌లో రైల్వే స్టేషను లేదు. సమీపంలోని డార్షమ్ స్టేషను చిన్నది, రైళ్లలో సైకిళ్లకు చోటు కొద్ది. వీరు ముందుగానే బస్సులో చోటు తీసుకొన్నారు. నిద్ర లేని మనిషి కారు నడపటం సైకిలు తొక్కటం కంటే ప్రమాదకరం కదా!

ఇంటి వారి విషయం కూడా ఒకటి ఉంది. లండన్‌లో రాత్రి ఎనిమిది అంటే మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. సైకిలు మీద ఉన్నవానికి ఫోను మోగటమే ఒక అపాయం. అందుచేత తల్లి ఫోను చేయకూడదని, వాడు మూడు చోట్ల ఆగినప్పుడు ఒక్కొక్క సందేశం పంపాలని నిర్ణయించుకొన్నారు. సగం దారిలో సడ్బరీ పట్టణ ప్రాంతం నుండి రెండవ సందేశం రావలసిన వేళకు రాలేదు. మా చెల్లెలు గంటసేపు ఫోను చేతిలో పట్టుకొని కూర్చున్నది గాని మాట తప్పలేదు. స్నేహితునికి పంక్చరు అయిందట, నలుగురూ ఆగారు. ఉదయం పదకొండు ముప్పావుకు, అక్కడ ఏడుంపావుకు, గులకరాళ్ల తీరం ఫోటో వచ్చింది. బావగారు దానిని పెద్దది చేసి చూసి, “వెనుక దీపం ఇంకా వెలుగుతూనే ఉన్నది” అన్నారు.

మన పట్టణాలలో ట్యూషను ముగించుకొని చీకటి పడ్డాక సైకిలు మీద ఇంటికి వచ్చే పిల్లలు ఎందరో ఉన్నారు. వారి ప్రయాణం 180 కిలోమీటర్లు కాకపోవచ్చు, రెండు కిలోమీటర్లే కావచ్చు. మా బావగారికి దెబ్బ తగిలింది కూడా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలోనే. ఈ సంచిక చదవటం ముగించిన తరువాత మీ వాకిట నిలిపి ఉన్న సైకిలు వెనుక వైపు ఒకసారి చూడండి. ఎర్ర బిళ్లకు బురద అంటి ఉంటే తుడవండి. ఆగినా ఆరిపోని దీపం లేకపోతే ఈ వారమే ఒకటి బిగించండి.