యంత్రమునకు ముందు గది

పాత సంచికలను, సభ్యుల పట్టికలను, వృద్ధుల పలుకుల ధ్వనిముద్రణలను కంప్యూటరున భద్రపరచవలెనను ఉత్సాహము మన సంఘములలో కానవచ్చుచున్నది. తెలుగు బడులు మూతపడిన ఊళ్లలో మన ఉనికికి ఈ కాగితములే సాక్ష్యము గనుక ఇది మిక్కిలి హర్షణీయము. అయితే సర్వరు కొనుటకు దొరకెడి దాతలు దానిని నిలుపు గదిని సిద్ధపరచుటకు దొరకరు. యంత్రముపై దాత పేరు చెక్కింపవచ్చును. ఎర్తింగు గోతిపై ఎవరు చెక్కించుకొందురు? గది పూర్తియగువరకు యంత్రమును కొనరాదని మా అభిప్రాయము.

సర్వరు ర్యాకు అనునది 19 అంగుళముల వెడల్పు పరికరములను పట్టు ఇనుప చట్రము. 42 అరలదైనచో ఎత్తు ఇంచుమించు ఆరున్నర అడుగులు. నిండుగా అమర్చి బ్యాటరీలు కూడ చేర్చినచో బరువు ఐదారువందల కిలోలు దాటుట వింత కాదు. ఆ భారమంతయు ఆరేడు చదరపు అడుగుల చోటనే పడును. ఇండ్ల అంతస్తులకు భారతీయ ప్రమాణము లెక్కగట్టు భారమో, చదరపు మీటరునకు సుమారు 200 కిలోలు మాత్రమే. ఇక టేకు దూలములపై ఇటుకలను సున్నముతో నిలువుగా పేర్చిన మద్రాసు మిద్దెల మాట చెప్పనేల? చెదలు తిన్న దూలము పైకి కనబడదు. ముందు ఇంజనీరుచేత పరీక్ష చేయింపవలెను.

పోనీ క్రింది అంతస్తున పెట్టుదమన్నచో నీటి భయము. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2022 జూలైలో గోదావరి పొంగినపుడు యానాములోను క్రింది గదులలోనికి నీరు వచ్చిన సంగతి మనవారెరుగుదురు. పైన బరువు, క్రింద వరద! ఈ చిక్కునకు మాకు తోచిన మార్గమొక్కటే. చిన్న సంఘమునకు 42 అరలు అనవసరము. రెండడుగుల ఎత్తుగల 12 అరల ర్యాకు చాలును. దానిని పై అంతస్తున, భారము మోయు గోడ ప్రక్కన నిలిపి బోల్టులతో బిగింపవలెను. బరువైనవి అడుగు అరలలోనే యుండవలెను. లేనిచో ర్యాకు ముందుకు ఒరుగును. 1993 సెప్టెంబరు 30 నాటి కిల్లారి భూకంపము జ్ఞాపకమున్న సోలాపురపు వారికి ఈ బోల్టుల అవసరము చెప్పనక్కరలేదు.

విద్యుత్తు విషయమున మన అలసత్వము మరింత ప్రమాదకరము. పాత భవనములలో మూడు రంధ్రముల సాకెట్టు ఉండును గాని, మూడవ రంధ్రము వెనుక తీగయే ఉండదు! ర్యాకునకు వేరుగా ఒక సర్క్యూటు వేయించి, చట్రమును ఎర్తు తీగతో కలుపవలెను. ఎర్తు నిరోధమును మీటరుతో కొలిపింపవలెను. నేల ఎండినపుడు అది పెరుగును గనుక వేసవిలో మరల కొలిపింపవలెను.

యంత్రము వాడు విద్యుత్తు దాదాపు యావత్తు వేడిమిగా మారును. లోనికి పోవు గాలి 18 నుండి 27 డిగ్రీల మధ్య నుండుట మేలు. ఏ.సి.ని మాత్రము ర్యాకు నెత్తిన పెట్టరాదు. దాని నీరు కారినచో యంత్రము గతి ఏమి? ముందు నాలుగడుగులు, వెనుక మూడడుగులు ఖాళీ విడువవలెను. ఆ ఖాళీలో ఉగాది పందిరి గుంజలు చేర్చువారు ప్రతి సంఘమునను ఉందురు. గది తాళము వారి చేతికి ఈయరాదు. మంటలార్పుటకు నీటి బకెట్టు గాక కార్బన్ డయాక్సైడు సిలిండరు కావలెను.

ఇంత శ్రమ యేల, పెద్ద కంపెనీల వద్ద చోటు అద్దెకు తీసికొనరాదా యని కొందరందురు. తీసికొనవచ్చును. కాని 2021 మార్చిలో ఫ్రాన్సు దేశపు స్ట్రాస్‌బూర్గు నగరమున అట్టి సర్వరు భవనమొకటి కాలిపోగా, ప్రతులను వేరుచోట దాచుకొననివారు తమ సమాచారమును పోగొట్టుకొనిరి. కావున ఇంటనున్నను, అద్దె చోటనున్నను రెండవ ప్రతి మరియొక ఊర ఉండవలెను. బరంపురపు ప్రతి బెంగళూరున, బెంగళూరు ప్రతి సోలాపురమున ఉంచుటకు కావలసినది ఒక డిస్కు, ఒక పార్సెలు ఖర్చు. ఈ మాత్రము సహకారము మన సంఘముల మధ్య ఈ సంవత్సరమే మొదలు కావలెను.