మోసినవాళ్ల చిట్టా ఎవడి సొత్తు?

తిరువూరు నుంచి యుద్ధానికి వెళ్లిన తాత మిలిటరీ డాక్టరైతే, ఆయన రికార్డు వెతుక్కునే మనవడి పని సులువు. 1615 నుంచి ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరిన ఆఫీసర్లందరి పట్టికనూ డి.జి. క్రాఫర్డ్ 1930లోనే అచ్చేసి పెట్టాడు. వాళ్ల సర్వీసు కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో నేతాజీకి వైద్యుడిగా ఉండి, తర్వాత రాజమండ్రి ఎంపీ అయిన డాక్టర్ దాట్ల సత్యనారాయణ రాజు గారి పేరు మనకు తెలుసు. తెలియాల్సిందే.

అదే తాత స్ట్రెచర్ మోశాడనుకోండి. వార్డులో చీపురు పట్టాడనుకోండి, నీళ్లు మోసే భిస్తీ అనుకోండి. ఇక చూడండి తమాషా. ఏ రికార్డాఫీసుకు రాసినా ముందు అడిగేది ఆర్మీ నంబరు. ఆ నంబరుండేది డిశ్చార్జి పుస్తకంలో. ఆ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో చెదలు తినేసి ఎన్నేళ్లయిందో! నంబరుంటేగానీ కాగితం దొరకదు, కాగితముంటేగానీ నంబరు తెలియదు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు.

ఇది మతిమరుపు కాదు, మొదట్నుంచీ ఉన్న పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడినవాణ్ని తూటాల మధ్య నుంచి ఎత్తుకొచ్చిన ఆర్మీ బేరర్ కోర్ వాడు సైనికుడి లెక్కలోకి రాలేదు, ‘ఫాలోయర్’ అన్నారు. జీతం తక్కువ, పెన్షన్ తక్కువ. అలాంటి ఫాలోయర్లు ఐదు లక్షలకు పైగా. చచ్చాక కూడా అదే వివక్ష. బస్రా స్మారకం మీద ఆఫీసర్లకు పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను రెజిమెంటుకు ఇంతమంది అని అంకెల్లో తేల్చేశారు. ఇక ఎక్కువగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లే అయిన కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి స్మరించలేదని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

సరే, తెల్లవాణ్ని తిట్టుకున్నాం. తర్వాత? 1943 ఏప్రిల్ 3న మెడికల్ సర్వీస్, మెడికల్ డిపార్ట్‌మెంట్, హాస్పిటల్ కోర్ మూడూ కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ చేశారు. 1947లో సిపాయిల కాగితాలు ఓడెక్కి పోలేదు, ఇక్కడే ఉండిపోయాయి. మెడికల్ కోర్ రికార్డాఫీసు లక్నోలో ఉంది. అంటే ఇప్పుడా తాళం మనవాళ్ల చేతిలోనే ఉంది. సమాచార హక్కు చట్టం చూస్తే, ఇరవయ్యేళ్లు దాటిన సంగతులకు చాలా మినహాయింపులు వర్తించవు. రక్షణ శాఖ 2021లో తెచ్చిన విధానంలో యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలని ఉంది. 1943 నాటి నర్సింగ్ సిపాయి పేరులో ఇంకా ఏ దేశ రహస్యం దాగుందయ్యా?

ఇంతకన్నా సిగ్గుచేటు సంగతి ఒకటుంది. 1900 జనవరిలో, దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో, స్పియోన్ కోప్ కొండ దగ్గర గాంధీగారి అంబులెన్స్ దళం క్షతగాత్రులను మోసింది. ఆ పదకొండు వందల మందిలో ఎక్కువమంది నేటాల్ చెరకు తోటల కూలీలు, తెలుగు, తమిళం మాట్లాడేవాళ్లు. పతకాలు దక్కింది నాయకులకు. కానీ ఆ కూలీ ముని మనవడు ఇవాళ ఓడ జాబితా తిరగేస్తే తాత పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటిమీది మచ్చతో సహా దొరకొచ్చు. కూలీ పారిపోతే దొర పెట్టుబడి పోతుంది, అందుకే అంత పదిలంగా రాసుకున్నారు. స్వతంత్ర దేశం తన సిపాయి పట్ల తోటల దొరకున్నంత శ్రద్ధయినా చూపించొద్దా?

లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న మొదటి ప్రపంచ యుద్ధపు పంజాబ్ సైనికుల రిజిస్టర్లను బ్రిటన్‌లోని పంజాబీలు వెలికితీయించి, గ్రీనిచ్ విశ్వవిద్యాలయంతో కలిసి ఊళ్లవారీగా వెతుక్కునేలా చేస్తున్నారు. 3,20,000 మంది సైనికులు! మనకో? తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం తన మనుషుల్ని తానే లెక్కపెట్టుకుంది. మిగతా ఊళ్లకు ఆ లెక్క కూడా లేదు. తిరువూరు సంగతి మరీ చెడ్డది. అప్పట్లో ఇది మద్రాసు రాజధానికి అంచు, పొలిమేర దాటితే నిజాం రాజ్యం. కాగితం కోసం మచిలీపట్నం, మద్రాసులో ఎగ్మూరు, హైదరాబాదులో తార్నాక, ఢిల్లీ, లక్నో రికార్డాఫీసులన్నీ తిరగాలి. అన్ని ఊళ్లు తిరిగే స్తోమత ఎవరికుంది? స్ట్రెచరు, బకెట్టు, చీపురు ఏ వాడల వాళ్ల చేతికిచ్చి ఉంటారో ఈ రిజర్వుడు నియోజకవర్గానికి నేను విడమర్చి చెప్పాలా? వంశవృక్షాలు గీయించుకునే పెద్దింటి వాళ్లకు ఈ బాధ పట్టదు.

కాబట్టి తిరువూరు ఎమ్మెల్యే అసెంబ్లీలో, విజయవాడ ఎంపీ లోక్‌సభలో ఒక్క ప్రశ్న వేయాలి. 1947కు ముందు సైనిక వైద్య దళాల్లో చేరిన పాత కృష్ణా జిల్లా వాళ్ల పేర్లు ఊరివారీగా ఎప్పుడు బయటపెడతారు? నంబరు అడగకూడదు, వారసుడి సర్టిఫికెట్ అడగకూడదు. ఊరు పేరు కొడితే మనుషుల పేర్లు రావాలి. ‘రికార్డులు అందుబాటులో లేవు’ అని ఒక్క ముక్కలో జవాబిస్తే ఊరుకోవద్దు. ఏ సంవత్సరంలో పోయాయి, ఎవరి సంతకంతో తగలబెట్టారు అని రెండో ప్రశ్న వేయాలి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చాక ప్రభుత్వ కాగితాన్ని ఇష్టం వచ్చినట్టు కాల్చేయడానికి వీల్లేదు. కాల్చినవాటి జాబితా ఉంటే, ముందు అదైనా బల్లమీద పెట్టమనండి.