స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకానికి చట్టబలం కావాలి

2021 జనవరి 3. ఘాజియాబాద్ జిల్లా మురాద్‌నగర్ శ్మశానవాటికలో ఒక వృద్ధుడి అంత్యక్రియలకు బంధువులు, ఇరుగుపొరుగువారు వచ్చారు. వాన పడుతుండటంతో అక్కడ కొత్తగా కట్టిన షెల్టర్ కిందికి చేరారు. ఆ కప్పు ఉన్నపళంగా కూలింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. కట్టి పట్టుమని ఏడాదైనా నిండని కట్టడం అది. కాంట్రాక్టరును, మున్సిపల్ కార్యనిర్వహణాధికారిని, జూనియర్ ఇంజనీరును పోలీసులు అరెస్టు చేశారు. నాసిరకం సామగ్రి, కమీషన్ల ఆరోపణలు పత్రికలకెక్కాయి. అవి తేలాల్సినవే. ఇలాంటి ప్రతి ప్రమాదంలోనూ అడగాల్సిన మరో ప్రశ్న ఉంది. ఈ కప్పు మోయాల్సిన బరువును లెక్కగట్టిందెవరు? ఆ లెక్క ప్రకారమే ఇనుము పడిందో లేదో, కాంక్రీటు పోయకముందు వచ్చి చూసిందెవరు?

ఆ పని స్ట్రక్చరల్ ఇంజనీరుది. మన దేశంలో వృత్తిగా సరైన రక్షణ గానీ, సరైన జవాబుదారీతనం గానీ లేకుండా మిగిలిపోయిన పని కూడా అదే. ఆ రెండూ లేనంతకాలం మంచి విద్యార్థులు ఇటు రారు, వచ్చినా నిలవరు. అందుకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం భవనాల్లో ఉండేవాళ్లు, వాటిని కట్టే కూలీలు.

మురాద్‌నగర్ దుర్ఘటనకు ముందూ వెనకా ఢిల్లీ చుట్టుపక్కల చాలానే జరిగాయి. 2018 జులై 17 రాత్రి గ్రేటర్ నోయిడాలోని షాబేరీలో కడుతున్న భవనం పక్కనున్న భవనం మీద కూలి తొమ్మిది మంది చనిపోయారు. వారం తిరక్కముందే ఘాజియాబాద్ మసూరీ ప్రాంతంలోని ఆకాశ్ నగర్‌లో నిర్మాణంలో ఉన్న ఐదంతస్తుల భవనం కుప్పకూలింది. 2022 ఫిబ్రవరి 10న గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసో టవర్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్‌లో కూలడం మొదలై కింది అంతస్తుల స్లాబులు వరసగా దిగిపోయాయి, ఇద్దరు మహిళలు మరణించారు. ఆ టవర్‌ను పరిశీలించిన ఐఐటీ ఢిల్లీ నిపుణులు కాంక్రీటులో క్లోరైడ్ మోతాదు ఎక్కువగా ఉందని తేల్చారు. క్లోరైడ్ చేరితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పైకి రంగు చెక్కుచెదరకుండానే స్లాబు లోలోపల గుల్లవుతుంది.

ఇదంతా ఎక్కడో ఉత్తరాది సంగతి అనుకోవడానికి లేదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, వారిలో ఉత్తరాంధ్ర నుంచి వలస వెళ్లిన కూలీలు ఎందరో ఉన్నారు. 2016 డిసెంబర్‌లో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో, 2025 మార్చిలో భద్రాచలంలో నిర్మాణంలో ఉన్న భవనాలే కూలాయి.

ఘాజియాబాద్ ఈ వృత్తికి పెట్టే పరీక్ష కఠినమైనది. అది హిందన్ నది పారే ఊరు. కింద ఉన్నది యమునా, హిందన్ నదులు తెచ్చి పోసిన లోతైన ఒండ్రుమట్టి. హైదరాబాద్‌లో కొన్ని మీటర్లు తవ్వితే చాలాచోట్ల గట్టి రాయి తగులుతుంది, ఇక్కడ ఆ భరోసా లేదు. మెత్తటి నేల భూకంప తరంగాలను పెంచి పైకి పంపుతుంది. నీటిమట్టం పైకి ఉన్న ఇసుక పొరలైతే కుదుపులకు పట్టు వదిలేసి జావలా మారే ప్రమాదమూ ఉంది. దానికి తోడు, భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 2016 సంచిక ఘాజియాబాద్‌ను నాలుగో భూకంప మండలంలో పెట్టింది. ఆ మండలానికి భూకంప బలాల లెక్కకు అందులో ఇచ్చిన గుణకం 0.24. రెండో మండలంలోని హైదరాబాద్‌కు అది 0.10, మూడో మండలంలోని విజయవాడకు 0.16. హైదరాబాద్‌లో గీసిన డ్రాయింగును ఘాజియాబాద్‌లోని ఇందిరాపురంలోనో రాజ్‌నగర్ ఎక్స్‌టెన్షన్‌లోనో ఉన్నదున్నట్టు దించేస్తే సరిపోదన్నమాట.

ఇలాంటి నేల మీదే వైశాలి, వసుంధర, సిద్ధార్థ్ విహార్, క్రాసింగ్స్ రిపబ్లిక్ టవర్లు లేచాయి. వాటి పక్క గల్లీల్లో కింద పార్కింగ్ వదిలి పైన నాలుగంతస్తులు లేపిన ఇళ్లకు లెక్కే లేదు. కింది అంతస్తులో గోడలు లేకుండా పిల్లర్లే ఉంటే కుదుపు వచ్చినప్పుడు భారమంతా ఆ పిల్లర్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలడానికి ఇదొక ముఖ్య కారణం.

అదే ఘాజియాబాద్‌లో ఈ వృత్తి ఎంత ఎత్తుకు చేరగలదో కూడా కనిపిస్తుంది. 82 కిలోమీటర్ల ఢిల్లీ–మేరఠ్ నమో భారత్ రైలు మార్గంలో తొలి 17 కిలోమీటర్లు, సాహిబాబాద్ నుంచి దుహాయి డిపో వరకు, 2023 అక్టోబర్ 20న మొదలయ్యాయి. ఘాజియాబాద్ స్టేషన్ దగ్గర ఈ మార్గపు వయాడక్టు మెట్రో వంతెన మీదుగా దాటుతుంది. యార్డులో పోతపోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి, పైన ఒకదానికొకటి చేర్చి, ఉక్కు తీగలు లాగి బిగించి కట్టారు. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దాని మీద రైలు వెళుతోంది. క్షుణ్ణమైన డిజైన్, దాన్ని సరిచూసే రెండో జత కళ్లు, పని జరిగేచోట పర్యవేక్షణ ఉంటే మన ఇంజనీర్లకు ఏదీ అసాధ్యం కాదు. రైలు వంతెనకు పాటించే క్రమశిక్షణ, దాని నీడలో ఉన్న నాలుగంతస్తుల ఇంటికి ఎందుకు అందదన్నదే ప్రశ్న.

ఆ క్రమశిక్షణ ఎంత చిన్న విషయంలో ఉంటుందో చూడాలి. పిల్లర్ నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగులనే తీసుకోండి. ఐఎస్ 13920 ప్రకారం రింగు కొస 135 డిగ్రీలు వంగి, పిల్లర్ లోపలి కాంక్రీటులోకి దిగాలి. అలా వంచడం కష్టం కాబట్టి సైటులో మేస్త్రీలు చాలాసార్లు 90 డిగ్రీలకే ఆపేస్తారు. మామూలు రోజుల్లో రెండింటికీ తేడా తెలియదు. భూకంపం వచ్చి పైపొర కాంక్రీటు రాలిపోయిందంటే 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు పక్కకు ఉబ్బుతాయి, పిల్లర్ నలిగిపోతుంది. బీము, పిల్లరు కలిసే చోటైతే రాడ్లు కిక్కిరిసి ఉంటాయి. చెయ్యి దూరదని అక్కడ రింగులే మానేస్తారు. నిజానికి రింగు అన్నిటికంటే అవసరమైనది అక్కడే. కాంక్రీటు పోశాక ఇవేవీ కంటికి కనిపించవు. సెంట్రింగ్ మీద మోకాళ్ల మీద కూర్చుని, ఆ కొక్కేలను ఒక్కొక్కటీ చూసి, తప్పుంటే పోత ఆపించగల అధికారం ఉన్న మనిషి ఒకరు ఉండాలి. ఈ ఉద్యోగంలో అసలు పని అది.

ఇప్పుడు ఆ మనిషి పరిస్థితి ఏమిటి? నాలుగేళ్ల బీటెక్ సివిల్, గేట్, రెండేళ్ల ఎంటెక్, ఆ తర్వాత సీనియర్ల చేతికింద కొన్నేళ్లు గడిస్తే గానీ స్వతంత్రంగా డిజైన్ చేసే నేర్పు రాదు. ఇంతా చేసి చేరితే, మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన క్లాస్‌మేట్ జీతం ముందు చిన్నబోతుంది. డిజైన్ ఫీజును చదరపు అడుగుకు ఇంతని బేరమాడతారు. ఎవరు తక్కువకు ఒప్పుకుంటే పని వాళ్లది. ఆ ఫీజులో సైటుకు వెళ్లే ఖర్చు ఉండదు. కొన్నిచోట్ల డబ్బిచ్చి సర్టిఫికెట్ మీద సంతకం మాత్రమే తీసుకుంటారు. ఈటాబ్స్, స్టాడ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో బొమ్మ గీసి బటన్ నొక్కడం నేర్చుకోవడానికి వారాలు చాలు. అందులోంచి వచ్చిన జవాబు నమ్మదగినదో కాదో కాగితం మీద లెక్కేసి పసిగట్టడానికి ఏళ్లు పడతాయి. ఆ ఏళ్లకు విలువ కట్టేవాళ్లు లేకే సివిల్ చదివిన పిల్లలు కోడింగ్ కోర్సుల బాట పడుతున్నారు.

చట్టం దగ్గర లోటు ఇంకా స్పష్టం. ఆర్కిటెక్టులకు 1972 నుంచి కేంద్ర చట్టం, రిజిస్ట్రేషన్ మండలి ఉన్నాయి. భవనాన్ని నిలబెట్టే ఇంజనీరుకు అలాంటి కేంద్ర చట్టం లేదు. ఒక్కో మున్సిపాలిటీ, ఒక్కో అథారిటీ తనకు తోచిన అర్హతతో లైసెన్సు ఇస్తుంది. అమెరికాలో పరీక్ష రాసి లైసెన్సు పొందనిదే డ్రాయింగు మీద ముద్ర వేయడానికి వీల్లేదు, తప్పు చేస్తే ఆ లైసెన్సు పోతుంది. 2016 స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం స్ట్రక్చర్ లోపాలకు ఇల్లు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్ల వరకు బిల్డర్‌ను బాధ్యుణ్ని చేసింది. అది మేలైన నిబంధనే. కానీ కాంక్రీటు భవనం కనీసం యాభై ఏళ్లు నిలవాలి. తుప్పు లాంటి జబ్బు చాలాసార్లు ఐదేళ్లు దాటాకే బయటపడుతుంది.

చేయాల్సినవి తెలియనివేమీ కావు. ఇంజనీర్ల రిజిస్ట్రేషన్‌కు కేంద్ర చట్టం తేవాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య సైటు బోర్డు మీద, ఇంటి అమ్మకం పత్రంలో ఉండాలి. పెద్ద ప్రాజెక్టుల డిజైన్లను ఐఐటీల లాంటి సంస్థల చేత సరిచూయించే పద్ధతిని, ఆ స్థాయిలో కాకపోయినా, చిన్న అపార్ట్‌మెంట్లకూ తేవాలి. ప్రతి పోతకు ముందు ఇంజనీరు తనిఖీ, దానికి తగిన ఫీజు తప్పనిసరి చేయాలి. భూకంప నిరోధక డిజైన్‌ను బీటెక్ సివిల్‌లో ప్రతి విద్యార్థీ చదవాలి.

ఈ చదువు చెప్పే చోట్లకు కొదవ లేదు. రూర్కీలో 1960 నుంచే భూకంప ఇంజనీరింగ్ బోధన సాగుతోంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దానికో పరిశోధన కేంద్రముంది. దాన్ని నడిపిన ప్రొఫెసర్ రామంచర్ల ప్రదీప్ కుమార్ 2022లో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ డైరెక్టరయ్యారు. నాగార్జునసాగర్ అనగానే ఇంజనీరు కె.ఎల్.రావు పేరు తలచుకునే తెలుగువాళ్లం మనం. మనం ఉంటున్న అపార్ట్‌మెంటును డిజైన్ చేసిందెవరో మాత్రం మనలో ఎక్కువమందికి తెలియదు. ఫ్లాటు కొనేముందు ఆ పేరు అడగడం కొనుగోలుదారుల హక్కు. ఆ పేరుకు బాధ్యతనూ, రక్షణనూ కల్పించడం ప్రభుత్వాల విధి. ఈ రెండూ జరిగితే, లెక్కల మీద ప్రేమ ఉన్న కుర్రాడికో అమ్మాయికో ఈ వృత్తిలోకి రమ్మని మనం ధైర్యంగా చెప్పగలం.