రగ్బీ మన దిక్కు పేరుతో వచ్చింది, బంతితో రాలే

ఈసారి వడ్ల రేటు గురించి కాదు, కరెంటు గురించి కాదు, ఒక ఆట గురించి రాస్తున్న. జర ఓపికతో చదవండి.

2025 జూన్‌ల ముంబైల రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగింది. ఆరు టీములు, దాంట్ల ఒకటి హైదరాబాద్ హీరోస్. కప్పు చెన్నై బుల్స్ కొట్టుకపోయింది. లీగు ముందర ఉన్న పేరు జీఎంఆర్. 2008 మార్చి నుంచి మన శంషాబాద్ ఎయిర్‌పోర్టు నడిపిస్తున్న కంపెనీనే. వాళ్లను తిట్టడానికి రాస్తలేను. కబడ్డీ, ఖోఖో టీములకు కూడా వాళ్లు పైసలు పెడుతున్నరు, మంచిదే. కానీ విమానాల చప్పుడు కింద పెరుగుతున్న మన పోరగాళ్లల్ల ఆ కోడిగుడ్డు లాంటి బంతిని చేత పట్టినోళ్లు ఎంతమంది?

ఈ ఆట మన దేశానికి కొత్తది అనుకునేరు. 1872 క్రిస్మస్ రోజు కలకత్తాల తెల్లోళ్లు రెండు జట్లయి, జట్టుకు ఇరవై మంది చొప్పున ఆడిన్రు. నెల తిరగకముందే క్లబ్బు పెట్టిన్రు, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ అని. కొన్నేండ్లకే అది కూలిపోయింది. కొంతమంది పోలో, టెన్నిస్ దిక్కు పోయిన్రు. ఇంకో కారణం చెప్తే నవ్వుతరు: క్లబ్బుల ఉచితంగా పోసే మందు బంద్ పెట్టిన్రట, సభ్యులు తగ్గిపోయిన్రు. మిగిలిన పైసలు బ్యాంకు నుంచి వెండి రూపాయల్లో తీసి, కరగబోసి, కప్పు చేయించిన్రు. మూడు పాముల పిడులు, మూత మీద ఏనుగు, పని మన దేశపు కంసాలులదే. దాన్ని ఇంగ్లాండుకు ఇచ్చేసిన్రు. 1879 నుంచి ఇంగ్లాండు, స్కాట్లాండు దానికోసం కొట్లాడుతున్నయి, పేరు ఇప్పటికీ కలకత్తా కప్పే.

నా లెక్కల ఆ క్లబ్బు పోయింది మందు బంద్ అయినందుకు కాదు. ఆ ఊరి పిల్లలు ఒక్కలు గూడ దాంట్ల లేరు. ఆడేటోళ్లకు మోజు తీరంగనే వెనకనుంచి అందుకునేటోడు లేడు. వేరు లేని చెట్టు ఎన్ని రోజులు నిలవడుతది?

అదే కలకత్తాల 2004ల జంగిల్ క్రోస్ అని ఇంకో క్లబ్బు మొదలైంది. వాళ్లు బస్తీ పిల్లలను పట్టుకున్నరు. అందుకే ఇంకా నడుస్తున్నది. ఒడిశాల గిరిజన పిల్లలు చదివే కిస్ బడి జట్టు 2007ల లండన్ పోయి, దక్షిణాఫ్రికా జట్టును ఓడగొట్టి, పద్నాలుగేండ్ల లోపు పిల్లల కప్పు తెచ్చింది. బీహార్‌ల బాఢ్ దిక్కు నుంచి వచ్చిన స్వీటీ కుమారి దేశం జట్టుకు ఆడింది. మన ఆడపిల్లల జట్టు 2019ల సింగపూర్‌ను 21-19తో ఓడగొట్టింది, పదిహేను మంది ఆటల మొదటి గెలుపు. వీళ్లు పెద్దింటోళ్ల పిల్లలు కాదు.

మనోళ్లకు ఈ ఆట ఎందుకు సూటైతది అంటే, కబడ్డీ. కూతకొచ్చినోడి కాళ్లు పట్టి పడగొట్టుడు మన పోరగాళ్లకు నేర్పే పని లేదు. రగ్బీల కూడా బంతి పట్టుకొని ఉరికెటోణ్ని భుజాల కిందనే పట్టాలె, మెడకాడ పట్టొద్దు. బంతిని చేత్తో ముందలికి ఇయ్యొద్దు, పక్కకో ఎనకకో ఇయ్యాలె. అవతలి గీత దాటి బంతి నేలకు ఆనిస్తే అయిదు పాయింట్లు. ఒక్క బంతి చాలు. క్రికెట్ కిట్టు కొన్నోళ్లకు తెలుసు ఆ ఖర్చు. దెబ్బలు తగులుతయి, అబద్ధం చెప్పను. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఆట ఆపాల్సిందే. అందుకే నేర్పెటోడు లేకుండ పట్టి పడగొట్టే ఆట పెట్టొద్దు, ముందు ముట్టుడు ఆటే, దాన్నే టచ్ రగ్బీ అంటరు.

అసలు గోస బంతి కాదు, జాగ. పూర్తి గ్రౌండు వంద మీటర్ల పొడుగు, డెబ్బై మీటర్ల వెడల్పు. మన లెక్కల ఎకరం ఇరవైతొమ్మిది గుంటలు. వెంచరోళ్ల లెక్కల 8,300 గజాలకు పైనే. శంషాబాద్ చుట్టుపక్కల గజం రేటు మీకు నేను చెప్పాల్నా? ఎయిర్‌పోర్టుకు సుమారు 5,500 ఎకరాలు పోయింది, రోడ్లకు పోయింది, వెంచర్లకు పోతున్నది. లేఅవుట్‌ల ఖాళీ జాగ విడువాలని రూలుంది, కానీ మూలకు పనికిరాని ముక్క విడుస్తరు, దాంట్ల ఒక బెంచీ వేస్తరు. 2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం అన్నరు. కొన్నికాడ మంచిగున్నయి, కొన్నికాడ బోర్డు నీడకు మ్యాకలు పండుతున్నయి.

భూమి అమ్మినోళ్లను నేను తప్పు పట్టను, పిల్ల పెండ్లి, అప్పు ఎవలకైనా ఉంటయి. కానీ ఊరి ఉమ్మడి జాగ పోతుంటే ఎవలమూ నోరు తెరవకపోవుడు సరికాదు.

ముట్టుడు ఆటకు ముప్పై అయిదు గుంటలు సరిపోతది. యాసంగి కోత అయినంక వానలు పడేదాక మడి ఖాళీనే. కొయ్యకాళ్లు కాలబెట్టకుండ తీసేసి, ఒడ్లు సదును చేస్తే కింద పడ్డా దెబ్బ తగలదు. నా రోడ్డు పక్క మడి ఈ ఎండకాలం ఇస్త. గ్రామసభల మన మండలం బడి పీఈటీ సార్లను పిలుద్దాం. కంపెనీకి కూడా ఊరి తరఫున ఒక కాయిదం రాద్దాం, కోచ్‌ను, పది బంతులు పంపుమని. సంతకం పెట్టేటోళ్లు కింద ఊరి పేరు రాయండి.