పేదవాడి వెన్న - ఎవరి లాభం?

మన హాస్టళ్ళలో చదివి డిగ్రీ పూర్తిచేసిన ప్రతివారికీ ఊళ్ళో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఉద్యోగం ఎప్పుడు?" వ్యాపారం ఏం పెడతావని ఎవరూ అడగరు. మా తాతలు, తండ్రులు కూలికి వెళ్ళినవారు. ఇంట్లో మొదట డిగ్రీ చూసింది మేమే. కాబట్టి వ్యాపారం మనది కాదనే మాట మా మనసుల్లోనూ పాతుకుపోయింది. ఇది ఎంతవరకు నిజమో మార్గరిన్ చరిత్ర చెబుతుంది.

మార్గరిన్ అంటే వెన్నకు బదులుగా తయారుచేసిన కొవ్వు. మన డాల్డాకు అక్క లాంటిది. ఫ్రాన్సులో మూడవ నెపోలియన్ చక్రవర్తి నౌకాదళానికీ, పేదలకూ చవకగా దొరికే కొవ్వు కావాలని బహుమతి ప్రకటించాడు. ఇప్పొలిట్ మేజ్-మురియే అనే రసాయన శాస్త్రజ్ఞుడు పశువుల కొవ్వు, వెన్న తీసిన పాలతో దాన్ని తయారుచేసి 1869లో పేటెంటు పొందాడు. ఆయన బడిపంతులు కొడుకు. మందుల దుకాణంలో సహాయకుడిగా జీవితం మొదలుపెట్టాడు. ఆయన పెట్టిన ఫ్యాక్టరీ 1870 యుద్ధంతో ఆగిపోయింది. 1871లో హాలెండులోని ఆస్ అనే చిన్న ఊరిలో వెన్న వ్యాపారం చేసే యుర్గెన్స్ కుటుంబం ఆ పద్ధతిని కొనుక్కుంది. అదే ఊళ్ళో వాన్ డెన్ బెర్గ్ కుటుంబమూ పోటీకి దిగింది. ఈ రెండూ 1927లో ఏకమై, 1929లో ఇంగ్లండు సబ్బుల కంపెనీ లీవర్ బ్రదర్స్‌తో కలిసి యూనిలీవర్‌గా మారాయి. మేజ్-మురియే 1880లోనే చనిపోయాడు. ఆ సంపదలో ఆయన వాటా లేదు.

యుర్గెన్స్ ఆయనకంటే తెలివైనవారా? కాదు. వారికి పెట్టుబడి ఉంది, సరుకు కొనేవారు ఎక్కడున్నారో తెలుసు. పండించేది ఒకరు, ధర కట్టేది మరొకరు అన్న సంగతి దివిసీమ పొలాల్లో పనిచేసే మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. చదువు ఒక్కటే చాలదు, లెక్క కూడా తెలియాలి.

మన దేశంలోనూ 1930లలో లీవర్ కంపెనీయే డాల్డా తెచ్చింది. కానీ తరువాత మన రాష్ట్రంలోనే కర్నూలులో తుంగభద్ర ఇండస్ట్రీస్ వేరుశనగ నూనెను వనస్పతిగా మార్చి అమ్మింది. గడ్డకట్టించిన నూనె ఇంకా వేరుశనగ నూనేనా అన్న పన్ను తగాదా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అవునని 1960లో కోర్టు తీర్పు చెప్పింది.

అయితే పేదవాడికి చవక సరుకు ఇస్తే చాలదు, నిజమైన సరుకు ఇవ్వాలి. వనస్పతిని నెయ్యిలో కలిపి మోసం చేస్తారనే అందులో నువ్వుల నూనె కలపాలని నిబంధన పెట్టారు. పరీక్షలో కల్తీ పట్టుబడుతుంది. దశాబ్దాలపాటు పేదల వంటల్లో చేరిన ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని తేలాక, అది 2 శాతం మించరాదన్న నియమం 2022లో గానీ అమలులోకి రాలేదు. ఆలస్యానికి మూల్యం చెల్లించింది ఎవరు?

ఇక మన ఊళ్ళ సంగతి చూద్దాం. గుడివాడ రైసు మిల్లుల్లో తవుడు వస్తుంది. అందులో వందకు 15 నుంచి 20 వంతుల నూనె ఉంటుంది. మిల్లు ఆడగానే తవుడును వేడిచేసి నిలవ చేయకపోతే నూనె త్వరగా చెడిపోతుంది. అంటే మిల్లు పక్కనే ఉన్నవాడికి ఇది అనుకూలమైన పని. పనికిరాదనుకున్న దానినుంచి ఆహారం తీయడమే మేజ్-మురియే చేసింది కూడా.

పెట్టుబడి ఏదంటారా? బందరులో 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. వైద్యుడు బ్యాంకు పెట్టగా లేనిది, పీజీ చదివిన మనం నలుగురం కలిసి చిన్న యూనిట్ పెట్టలేమా? 2020లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా ఆ ధైర్యం కలిసిపోకూడదు.

ఉద్యోగాలు వద్దని మేము అనడం లేదు. రిజర్వేషను మన హక్కు, దానికోసం పోరాడతాం. కానీ డీఎస్సీ, గ్రూప్-2 శిక్షణతోపాటు ప్రాజెక్టు రిపోర్టు రాయడం, కార్పొరేషన్ రుణానికి దరఖాస్తు చేయడం, సరుకు ధర లెక్కకట్టడం కూడా మన హాస్టళ్ళలో నేర్పాలని పెద్దలను కోరుతున్నాం. కనిపెట్టడంతో ఆగిపోకండి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. అమ్మడం కూడా నేర్చుకోండి, నిజాయితీగా అమ్మండి.