హార్డ్ డిస్కు విభజన

విత్తనాలను, తిండిగింజలను ఒకే గాదెలో కలిపి పోసే రైతు ఉండడు. హార్డ్ డిస్కును భాగాలుగా విభజించుటలోనూ ఈ వివేకమే ఉన్నది.

తొలినాళ్లలో ఈ విభజన నిర్బంధమైనది. 1983లో వెలువడిన ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్‌టి డిస్కు సామర్థ్యం 10 మెగాబైట్లే. డిస్కులు పెద్దవైన తరువాత కూడా నాటి డాస్ ఒక్కొక్క భాగాన్ని 32 మెగాబైట్లకు మించి వాడుకొనలేకపోయేది. ఫ్యాట్16 పద్ధతి మెరుగుపడి ఆ హద్దు 2 గిగాబైట్లకు పెరిగినది. కాని అంత పెద్ద భాగంలో ఒక కిలోబైటు ఫైలు కూడా 32 కిలోబైట్ల చోటును ఆక్రమించేది. భాగాలు చిన్నవైతే ఈ వృథా తగ్గేది. 1996లో ఫ్యాట్32 వచ్చిన పిదప ఈ ఇబ్బందులు చాలవరకు తొలగినవి.

నేడు విభజన నిర్బంధం కాదు, సౌకర్యం. ఆపరేటింగ్ సిస్టమ్ ‘సి’లోను, సొంత ఫైళ్లు ‘డి’లోను ఉన్నచో, సిస్టమ్ చెడినపుడు ‘సి’ని మాత్రమే ఫార్మాట్ చేయవచ్చును. ‘డి’లోని ఫైళ్లు చెక్కుచెదరవు. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్‌లను వేరువేరు భాగాలలో నిలుపుకొనవచ్చును.

అయితే ఈ సౌకర్యాన్నే రక్షణగా భావించుట ప్రమాదకరం. గాదెలు రెండైనా ఇల్లు ఒక్కటే; ఇల్లు కాలినచో రెండూ బూడిదగును. అట్లే డిస్కు యంత్రం పాడైనచో ‘సి’, ‘డి’ భాగాలు రెండూ ఒక్కసారే నశించును. విద్యార్థి ఏడాదిపాటు శ్రమించి రాసుకొన్న ప్రాజెక్టు, కుటుంబ ఛాయాచిత్రాలు తిరిగి రావు. కనుక విలువైన ఫైళ్ల ప్రతిని మరొక డిస్కులో, మరొక చోట భద్రపరచవలెను. విభజన క్రమశిక్షణను నేర్పును. రక్షణనిచ్చునది రెండవ ప్రతియే.